మాస్టారు మ్యాటు దిగాలి

పవర్ యోగా నేర్పడానికి ఏం రావాలంటే అందరూ చెప్పే జవాబు ఒకటే: మాస్టారు తాను బాగా చేయగలగాలి, ఊపు తగ్గకుండా గంటసేపు ముందుండి చేయించగలగాలి. చాలా ట్రైనింగ్ కోర్సులు ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. 1999లో అమెరికాలో మొదలైన యోగా అలయన్స్ వారి 200 గంటల కొలత ఇవాళ రిషికేశ్‌లోనూ చెల్లుతోంది. రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంటే 25 రోజుల్లో అయిపోతుంది. అందులో శరీర నిర్మాణానికి, దాని పనితీరుకు కలిపి కేటాయించింది 30 గంటలు. ఆసనాల వరస కంఠతా వచ్చి, గొంతు పెగిలితే సర్టిఫికెట్టు చేతికొస్తుంది. ఎదుటి ఒంటిని చూడడం ఎన్ని గంటలు నేర్పారని ఎవరూ అడగరు.

పవర్ యోగా అసలు యోగమే కాదనే వాదన నాది కాదు. దాని వేరు మైసూరులో ఉంది. 1930లలో అక్కడి రాజభవనం యోగశాలలో తిరుమలై కృష్ణమాచార్య కుర్రాళ్లకు నేర్పినదాన్ని శిష్యుడు పట్టాభి జోయిస్ అష్టాంగ విన్యాసంగా కొనసాగించారు. అదే అమెరికా చేరి 1990లలో బెరిల్ బెండర్ బర్చ్, బ్రయాన్ కెస్ట్ వంటివారి చేతుల్లో పవర్ యోగా అయింది. మైసూరు పద్ధతిలో ఎవరి వరస వారిదే, ఎవరి ఊపిరి వారిదే. ఒక ఆసనం కుదిరాకే తర్వాతిది. గురువు వాళ్ల మధ్య తిరుగుతుంటాడు. సముద్రం దాటేటప్పుడు ఆసనాలు చాలావరకు భద్రంగానే చేరాయి, గురువు తిరిగే ఆ చోటు మాత్రం జారిపోయింది.

మోచేతులు మడిచి ఒళ్లంతా నేలకు కాస్త పైన నిలిపే చతురంగ దండాసనాన్నే తీసుకోండి. గంట క్లాసులో మళ్లీ మళ్లీ వచ్చేది అదే. మొదట్లో మోచేతులు పక్కటెముకలను ఆనుకునే ఉంటాయి. అలుపొచ్చేసరికి బయటికి విచ్చుకుంటాయి, భుజం మోచేతికన్నా కిందికి దిగుతుంది, నడుము వేలాడుతుంది, బరువంతా భుజం కీలు ముందువైపు పడుతుంది. చేసేవారికి ఇది తెలియదు. చెమట పట్టింది కనుక బాగా చేశామనుకుంటారు. పక్కన నిలబడితే గానీ కనిపించని తప్పిది. సరిగ్గా ఆ క్షణంలో మాస్టారు కూడా ముఖం నేలకేసి అదే ఆసనంలో ఉంటే చూసేదెవరు?

చేసి చూపకపోతే కొత్తవాళ్లకు ఎలా తెలుస్తుందంటారు. రెండుసార్లు చూపి లేవమనే నా మాట. మైసూరులోనూ అంకెలు చెబుతూ అందరితో ఒకేసారి చేయించేవారు కదా అంటారు, నిజమే. కానీ వాళ్లకు వరస ముందే వచ్చు, లెక్క చెప్పేవాడు వాళ్లతో పాటు చేసేవాడు కాదు. చూడడమంటే చేయి వేయడమనీ కాదు. సర్దే పేరుతో హద్దు దాటారని జోయిస్ మీదే శిష్యురాళ్లు ఆరోపించారు, ఆ పాఠమూ ట్రైనింగ్‌లో ఉండాలి. ముప్పై మందిని ఒక్కరు చూడలేరన్నది అసలు అభ్యంతరం. చూడలేరు, అందుకే ముప్పై మందిని చేర్చుకోకూడదు. కృష్ణమాచార్యే తర్వాత మద్రాసులో ఒక్కొక్కరి వయసుకు, ఒంటికి తగ్గట్టు విడివిడిగా నేర్పారు. పొద్దంతా కుర్చీలో కూర్చుని వచ్చే నలభై ఐదేళ్ల ఉద్యోగికి మైసూరు కుర్రాళ్ల వరసను అలాగే అంటగట్టడం ఆయన కూడా ఒప్పుకోని పని. క్లాసు పూర్తయ్యేదాకా మాస్టారు తన మ్యాటు దిగకపోతే, వచ్చే నెల ఫీజు అక్కడ కట్టకండి.