ఏం కంపెనీ భాయ్?

పోయిన ఇత్వార్ పొద్దున నార్సింగి దగ్గర సోలార్ సైకిల్ ట్రాక్ మీద నీళ్లు తాగుదామని ఆగాను. పక్కన ఇంకో సైకిల్ వచ్చి ఆగింది. దాని మీదున్న సాబ్ నా సైకిల్‌ను కింది నుంచి పైదాకా చూశారు. ముఖ్యంగా కంపెనీ పేరు ఉండాల్సిన కింది గొట్టం దగ్గర ఆయన చూపు ఆగింది. అక్కడ నల్లరంగు తప్ప ఏమీ లేదు.

"ఏం కంపెనీ భాయ్?"

"కంపెనీ లేదు."

"కార్బనేనా? చైనా నుంచి తెప్పించుకున్నరా?"

"అవును."

"ప్రాణం మీదికి తెచ్చుకునుడే. కార్బన్‌ల కిఫాయత్ చూడొద్దు భాయ్." అని నసీహత్ చెప్పి వెళ్లిపోయారు.

ఆయన మీద నాకు గుస్సా లేదు. ఆ సవాల్ మీద ఉంది. ఏ కంపెనీ అన్నారు, ఏ దేశం అన్నారు. ఎవరు బిగించారని మాత్రం అడగలేదు. ఎనిమిది నెలలు ఈ సైకిల్‌తో కుస్తీ పట్టినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ప్రాణానికి సంబంధించిన సవాల్ అదొక్కటే.

కార్బన్ ఫ్రేము అంటే ఏమిటో మొదట మాట్లాడుకుందాం. సన్నటి కార్బన్ పోగుల గుడ్డను ఎపాక్సీ జిగురులో తడిపి, ముక్కలు కోసి, ఏ చోట ఎన్ని పొరలు, ఏ దిక్కుకు పోగులు అని లెక్క చూసుకుంటూ చేత్తో పేర్చి, అచ్చులో పెట్టి, వేడి, ఒత్తిడి ఇచ్చి గట్టిపరుస్తారు. యంత్రం టకటకా గుద్ది పడేసే ప్లాస్టిక్ బకెట్ కాదది. లక్షల రూపాయల ఫ్రేములో కూడా ఎవరో కారీగర్ చేతి పని ఉంటుంది. ఆ కారీగర్లు ఎక్కువమంది ఉన్నది తైవాన్‌లో, చైనాలో షియామెన్, డాంగ్‌గువాన్ లాంటి ఊళ్లలో. మనం ఇజ్జత్‌గా పలికే యూరప్, అమెరికా పేర్లలో చాలావాటి ఫ్రేములు అటువైపు తయారైనవే. ఆ సాబ్ కూర్చున్న సైకిల్ మీది పేరూ అలాంటిదే. ఆ మాట ఆయనకు చెప్పలేదు, పొద్దున్నే ఒకరి ఖుషీ చెడగొట్టడమెందుకని.

ఇప్పుడు ప్రపంచమంతా తలవంచే జెయింట్ కంపెనీ కథ చూడండి. 1972లో తైవాన్‌లో పుట్టింది. అమెరికాలో ఖాందానీ పేరున్న ష్విన్‌కు సైకిళ్లు చేసిపెట్టి పెరిగింది. 1981లో తన పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. 1992లో దివాళా తీసింది ష్విన్. పనిచేసే చేతులు ఒకచోట, పేరు ఇంకోచోట ఉంటే కొన్నాళ్లకు ఏమవుతుందో అంతకంటే సాఫ్‌గా ఏం చెప్పాలి?

అలాగని చవక ఫ్రేముల తరఫు వకీల్నేం కాదు నేను. ఆ వైపు కూడా ధోకా తక్కువేం లేదు.

మొదటి ధోకా నకిలీ పేరు. పెద్ద కంపెనీ స్టిక్కర్ అంటించి మూడో వంతు ధరకు అమ్ముతారు. మా భాంజా ఒకడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నా ఫ్రేము చూసి "మామూ, స్టిక్కర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతయి, అంటిద్దాం, ఎవనికి తెలుస్తది?" అన్నాడు. అరే నాయనా, పేరు మీద అబద్ధం చెప్పినవాడు లోపలి పొరల లెక్కలో నిజం చెప్పాడని ఎలా ఎతబార్ చేస్తావు? పేరు లేని ఫ్రేము వేరు, దొంగ పేరు పెట్టుకున్న ఫ్రేము వేరు. మొదటిది గరీబు. రెండోది దొంగ. ఈ రెండింటినీ కలిపి 'చైనా మాల్' అనడం దగ్గరే మన గలతీ మొదలవుతుంది.

రెండో ధోకా, "అదే ఫ్యాక్టరీ భాయ్, అదే అచ్చు". అచ్చు ఒకటే అయి ఉండొచ్చు. ఫ్యాక్టరీ తన సొంత అచ్చులో చేసిన ఫ్రేమును నలుగురికి అమ్ముతుంది, నలుగురూ నాలుగు పేర్లు రాసుకుంటారు. కానీ అచ్చు బయటి ఆకారమే ఇస్తుంది. లోపల ఏ పోగు, ఎన్ని పొరలు, ఎవరు తనిఖీ చేశారు అన్నది ఆర్డరు ఇచ్చినవాడి మీద ఉంటుంది. ఒకే గిన్నెలో వండినంత మాత్రాన అందరి బిర్యానీ ఒకటి కాదు కదా! అందుకే నేను అమ్మేవాడికి రాసినప్పుడు రంగు గురించి అడగలేదు. ఐఎస్ఓ 4210 పరీక్ష కాగితం అడిగాను, ఫ్రేముకూ ఫోర్కుకూ విడివిడిగా. మొదటి ఇద్దరు ఖామోష్ అయిపోయారు. మూడో అతను పంపాడు. కాగితం కూడా అబద్ధం కావచ్చు, ఒప్పుకుంటాను. కానీ అడిగితే ముఖం దాచుకునేవాడెవడో తెలిసిపోతుంది.

ఇక హిసాబ్. ఫ్రేము, ఫోర్కు, సీటు గొట్టం కలిపి 36 వేలు. షిప్పింగు, కస్టమ్స్ 15 వేలు. ఒక దోస్త్ దగ్గర పాత టియాగ్రా సెట్టు, గేర్లూ బ్రేకులూ అన్నీ, 24 వేలు. అల్యూమినియం చక్రాలు 16 వేలు, టైర్లు 5 వేలు. హ్యాండిల్, స్టెమ్, సీటు, టేపు 7 వేలు. టార్క్ రెంచ్ 3 వేలు. మొత్తం 1 లక్షా 6 వేలు. బరువు 8 కిలోల 300 గ్రాములు. పోటీల్లో యూసీఐ పెట్టిన కనీస బరువు 6.8 కిలోలు, కాబట్టి నాది బరువైన సైకిలే. నా పొట్ట ముందు ఆ కిలోన్నర ఎంత, ఛోడో.

పెద్ద పేరున్న కార్బన్ సైకిల్ షోరూములో కొనాలంటే రెండు లక్షలు దాటాల్సిందే. 2023 బడ్జెట్‌లో పూర్తి సైకిళ్ల దిగుమతి సుంకాన్ని 30 నుంచి 35 శాతానికి పెంచారు. అంటే స్కూలు టీచరుకు ఈ షౌక్ ఔకాత్ దాటినదని సర్కారూ, షోరూమూ కలిసి చెబుతున్నట్టే. ఔకాత్ మాట వచ్చింది కాబట్టి అంటున్నాను. ట్రాక్ మీద నాకు దొరికే నసీహత్‌లలో సగం ప్రాణం మీద ఫికర్ కాదు. 'నువ్వెట్లా ఇక్కడికొచ్చావ్' అన్న హైరత్ అది.

ఫ్రేము వచ్చాక నగరంలో ఒక పేరున్న దుకాణానికి తీసుకెళ్లాను, బాటమ్ బ్రాకెట్ బిగించి ఇమ్మని. డబ్బాలోంచి తీయకముందే "పేరు లేని కార్బన్ మేం ముట్టుకోం" అన్నాడు కుర్రాడు. మజూరీ రెట్టింపు ఇస్తానన్నాను. "ప్లాస్టిక్ సార్ ఇది, రేపు మీకేమన్నా అయితే మా మీదికొస్తది" అన్నాడు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ విప్పి చూసి, ఇక్కడ లోపం ఉంది కాబట్టి ముట్టుకోను అంటే శుక్రియా చెప్పేవాణ్ని. చూడకుండా పొమ్మన్నాడు. అది జాగ్రత్త కాదు, నఖ్రా.

ఇంటికి తెచ్చి వరండాలో పెట్టాను. మా అబ్బాకు 74 ఏళ్లు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ముప్ఫై ఏళ్లు కిరాయి సైకిళ్ల దుకాణం నడిపిన మనిషి. ఫ్రేమును ఒక వేలితో ఎత్తి చూసి, తిప్పి తిప్పి చూసి, "ఇస్‌మే జోడ్ కాఁ హై రే?" అన్నారు. వెల్డింగు అతుకు కనబడక ఆయనకు పరేషాన్. పోగులు, జిగురు, పొరలు అని చెప్పాను. పావుగంట విని, "అంటే నార తెగకుండా చూసుకోవాలె, అంతే కదా" అన్నారు. నేను ఆరు నెలలు చదివింది ఆ ఒక్క ముక్కే.

బాటమ్ బ్రాకెట్ మరల రకం చూసుకుని తెప్పించాను. గుద్ది ఎక్కించే రకం వద్దనుకున్నాను, కన్నం కొలతలో వెంట్రుకవాసి తేడా వస్తే అది జిందగీ అంతా కిర్రుమంటుంది. కుడిపక్క గిన్నె తిరగమర అని చెప్పబోయాను. అబ్బా అప్పటికే ఎడమకు తిప్పుతున్నారు.

నా గలతీ కూడా చెప్పాలి. ఫోర్కు పై గొట్టంలోకి స్టార్ నట్ కొట్టబోయాను. ఇంతకుముందు నేను బిగించిన రెండు సైకిళ్లూ ఇనుము, అల్యూమినియం. వాటిలో స్టార్ నట్‌ను సుత్తితో దిగ్గొడతాం, దాని పళ్లు గొట్టం లోపలి గోడను కరచి పట్టుకుంటాయి. సుత్తి ఎత్తాను. "ఆగు. నారను కొరుకుతది కదా అది?" అన్నారు అబ్బా. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కార్బన్ గొట్టంలో స్టార్ నట్ పెట్టకూడదు, లోపల వెడల్పై నిలబడే ప్లగ్ పెట్టాలి. ఆ ప్లగ్ డబ్బాలోనే ఉంది, ఏదో స్పేర్ ముక్క అనుకుని పక్కన పడేశాను! ఆ రోజు ఒక్క దెబ్బ కొట్టి ఉంటే, ఎప్పుడో అనంతగిరి ఘాటు దిగుతుండగా ఆ గొట్టం విరిగి ఉంటే, జనాజాకు వచ్చినవాళ్లంతా ఏమనేవాళ్లు? చైనా ఫ్రేము అనేవాళ్లు. సుత్తి నాదని ఎవరికి తెలుస్తుంది?

తర్వాత సీటు గొట్టం. గండిపేట దాకా పోయి వచ్చేసరికి అర సెంటీమీటరు దిగింది. మెటల్ సైకిల్ అలవాటు కదా, ఇంకో చుట్టు తిప్పబోయాను. "నక్కో!" కాలర్ మీద 5 న్యూటన్ మీటర్లు అని రాసి ఉంది, రెంచ్ అప్పటికే ఆ లెక్కకు టక్కుమంది. అక్కడ గ్రీసు కాదు, ఇసుకలా గరగరలాడే కార్బన్ పేస్టు రాయాలి. 60 రూపాయల పొట్లం. రాశాక అదే 5 మీద మళ్లీ జారలేదు.

ఇప్పుడు పేరున్న సైకిల్ సంగతి వినండి. మా దోస్త్ ఒకాయన సైకిల్ నాలుగు లక్షలది. ఖరీదైన చోటే సర్వీసింగు. హ్యాండిల్ టేపు మార్చుకుందామని మా వరండాకు తెచ్చాడు. టేపు విప్పితే కార్బన్ హ్యాండిల్‌కు బ్రేకు లీవరు పట్టీ కింద వేలి గోరంత చీలిక. ఎవరో చేతి అందాజ్‌తో బిగించేశారు. నాలుగు లక్షల పేరు దానికి అడ్డుపడలేదు. ఆయన ముఖం తెల్లబోయింది, వారం ముందే శ్రీశైలం పోయి వచ్చాడు దాని మీద.

కార్బన్ ఇనుములా వంగి ముందే చెప్పదు, నిజమే. లోపల చీలి, పైకి పెయింటు నవ్వుతూ ఉండొచ్చు. అందుకే నేను నెలకోసారి కడిగి, వెలుతురులో చూసి, గొట్టం పొడవునా రూపాయి బిళ్లతో తట్టి వింటాను. మొద్దు శబ్దం వచ్చినచోట చేతి వేలు ఆగుతుంది. ఫోర్కు గొట్టం కోసేటప్పుడు సన్నపళ్ల బ్లేడు, తడిగుడ్డ, ముక్కుకు మాస్కు. ఆ దుమ్ము ఊపిరికి మంచిది కాదు, అబ్బాను లోపలికి పంపి కోశాను, ఆయన కిటికీలోంచి తిట్టారు. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత ప్రతి బోల్టూ మళ్లీ చూశాం. కిరాయి సైకిల్‌కైనా కొత్త సైకిల్‌కైనా 'రేపు ఒకసారి తీసుకురా' అనడం అబ్బా దస్తూర్. కిఫాయత్ చేయని చోట్లూ ఉన్నాయి. రిమ్ము మీద పట్టే బ్రేకుకు చవక కార్బన్ చక్రాలు పెట్టలేదు, దిగుడులో వేడికి వాటి జిగురు మెత్తబడొచ్చు. బ్రేకు గుడ్డలు, టైర్లు మంచివే కొన్నాను.

దుకాణాలవాళ్లకు నా అర్జీ ఒకటే. విప్పి చూడండి. చూసినందుకు డబ్బు తీసుకోండి, ఎక్కువే తీసుకోండి. బిగించే కుర్రాడి చేతికి మూడు వేల రెంచ్ ఇవ్వండి, వాడి జీతం పెంచండి. ఎదురుగా ఉన్న గోడ మీది బోర్డుకు లక్షలు పెట్టి, బోల్టు తిప్పేవాడికి పన్నెండు వేలు ఇచ్చి, నా ఫ్రేముకు పేరు లేదని ముక్కు విరవడం ఏం ఇన్సాఫ్?

సవారీ చేసేవాళ్లకు ఇంకో మాట. ఎవరైనా మిమ్మల్ని పొమ్మంటే డబ్బాతో సహా మా వరండాకు రండి. ఇత్వార్ అసర్ తర్వాత నేనూ అబ్బా అక్కడే ఉంటాం, చాయ్ మా తరఫున. పరీక్ష కాగితం తెచ్చుకోండి. స్టిక్కర్లు మాత్రం తేకండి, మా భాంజా దగ్గర ఇప్పటికే ఒక పొట్లం ఉంది.