కొయ్య ఇండ్ల పట్టణం

పట్టణాల గొప్పతనాన్ని జనసంఖ్యతోనో, సౌధాల ఎత్తుతోనో కొలవడం లోకరీతి. ఆ కొలమానానికి అందని పట్టణాలు కొన్ని ఉన్నాయి. ఫిన్లాండ్ దేశపు నైరుతి తీరంలో, బోత్నియా సింధుశాఖ ఒడ్డున వెలసిన రౌమా అట్టిది. దాని జనాభా నలభై వేలకు లోపే. ఆ పట్టణపు నడిబొడ్డున ఇరవై తొమ్మిది హెక్టార్ల మేర విస్తరించిన ప్రాచీన భాగంలో సుమారు ఆరు వందల కట్టడాలున్నాయి. వాటిలో అత్యధికం ఒంటి అంతస్తు కొయ్య ఇండ్లే. 1991లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అది గౌరవమే, కాని గౌరవం వేరు, రక్షణ వేరు. వారసత్వాన్ని నిలిపేది ముద్ర వేసిన పత్రం కాదు, ఆ ఇండ్లలో దీపం పెట్టే మనుషులు. రౌమా చరిత్ర ఈ సత్యానికి నిలువుటద్దం.

రౌమాకు ప్రకృతి అనుకూలించిందని చెప్పలేం. ఉత్తర అక్షాంశం అరవై ఒక్క డిగ్రీల చేరువలో ఉన్న ఈ పట్టణంలో నడి శీతాకాలపు పగలు ఆరు గంటలకు మించదు. అంతకంటె విచిత్రమైనది అక్కడి భూమి తీరు. మంచుయుగంలో ఆ నేలను అణచిపెట్టిన హిమరాశి కరిగిపోయి వేల ఏండ్లు గడిచినా, బరువు దిగిన భూమి నేటికీ మెల్లమెల్లగా పైకి లేస్తూనే ఉంది. ఏడాదికి ఆ పెరుగుదల అర సెంటీమీటరుకు పైమాటే. ఒక మనిషి ఆయుష్కాలంలో అది కంటికి ఆనదు. శతాబ్దాలు గడిచేసరికి రేవును నేలగా మారుస్తుంది. రౌమా పురపాలక పరిధిలోనే ఉన్న సమ్మల్లహ్దెన్‌మాకి ఇందుకు నిదర్శనం. కంచుయుగపు ప్రజలు అక్కడ గ్రానైటు రాళ్ళను పేర్చి తమ మృతులకు సమాధులు కట్టుకున్నారు. ముప్పైకి పైగా ఉన్న ఆ రాతిగుట్టలు నాడు సముద్రతీరాన నిలిచినవి. నేడు లోతట్టు అడవిలో ఉన్నాయి. 1999లో వాటికీ ప్రపంచ వారసత్వ గౌరవం దక్కింది. సముద్రాన్నే నమ్ముకున్న పట్టణానికి సముద్రమే దూరంగా జరిగిపోవడం కంటె కఠినమైన పరీక్ష ఏముంటుంది? అయినా రౌమావాసులు ఊరిని విడువలేదు. నీరు జరిగిన దిక్కుకు తమ రేవును జరుపుకున్నారు.

ప్రకృతి పెట్టిన పరీక్ష ఇది కాగా, ప్రభువు పెట్టిన పరీక్ష మరొకటి. స్వీడన్ రాజ్యంలో భాగంగా ఉన్న కాలంలో, 1442లో రౌమా పట్టణ ప్రతిపత్తిని పొందింది. 1550లో గుస్తావ్ వాసా రాజు హెల్సింకీ నగరాన్ని స్థాపించి, సింధుశాఖకు ఆవలి గట్టున ఉన్న తాల్లిన్ వర్తకానికి దానిని పోటీగా నిలపాలని తలపెట్టాడు. కొత్త నగరాన్ని నింపడానికి రౌమాతో పాటు మరికొన్ని పట్టణాల పౌరులను అక్కడికి తరలిపొమ్మని ఆజ్ఞాపించాడు. రాజాజ్ఞ మనుషులను కదిలించగలిగింది కాని మనసులను కదిలించలేకపోయింది. 1557లో తిరిగివెళ్ళడానికి అనుమతి లభించగానే రౌమావాసులు సొంత ఊరికి మరలివచ్చారు. ఊరి మీది మమకారానికి ఇంతకంటె ప్రమాణం అక్కరలేదు.

మూడవ పరీక్ష అగ్నిది. 1640లో చెలరేగిన మంటలలో హోలీ ట్రినిటీ చర్చి ధ్వంసమైంది. నాటినుండి, ఒకనాటి ఫ్రాన్సిస్కన్ సన్న్యాసుల మఠానికి చెందిన హోలీ క్రాస్ చర్చియే పట్టణానికి ప్రధాన ప్రార్థనాలయమైంది. 1682లో అగ్ని మరల విజృంభించింది. ఇండ్లు బూడిదైనా, వంకరలు తిరిగిన మధ్యయుగపు వీథుల అమరిక చెదరలేదు. పౌరులు ఆ వీథుల వెంటనే మరల ఇండ్లు కట్టుకున్నారు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో ఫిన్లాండ్‌లోకెల్ల పెద్ద తెరచాప ఓడల బలగం రౌమాదే. ఆ ఓడలు తెచ్చిన సిరితో ఇండ్ల ముఖభాగాలు కొత్త అందాలు సంతరించుకున్నాయి. ఐశ్వర్యం వచ్చినప్పుడు పాతదాన్ని కూల్చివేయడం సులభం. రౌమా పాతదానికే మెరుగులు దిద్దింది. దారిద్ర్యంలో ఓర్పు చూపడం కంటె కలిమిలో నిగ్రహం చూపడం కష్టతరం.

పాత ఇండ్లను పట్టుకొని వేలాడడం ప్రగతికి అవరోధమని వాదించేవారు లేకపోలేదు. వారి వాదంలో కొంత న్యాయం ఉంది. రక్షిత ప్రాంతంలో గృహస్థుడు తన ఇంటి రూపాన్ని ఇష్టానుసారం మార్చుకోలేడు. కొయ్య గోడకు ఎప్పటికప్పుడు మరమ్మతు చేయాలి; రంగు వేయాలి; నిప్పు విషయంలో క్షణమైనా ఏమరరాదు. ఒక ఇంటి నిర్లక్ష్యం వీథి మొత్తాన్ని దహిస్తుంది. లోకమంతా వచ్చి చూసి సంతోషించే సౌందర్యానికి మూల్యం చెల్లించే బరువు ఇంటి యజమాని ఒక్కడి మీదనే మోపడం ధర్మం కాదు. వారసత్వం అందరిదైనప్పుడు దాని భారమూ అందరిదే కావాలి.

అందుకని ఆ ఇండ్లను ఖాళీ చేయించి ప్రదర్శనశాలలుగా మార్చడం పరిష్కారం కాదు. ప్రాచీన రౌమాలో నేటికీ సుమారు ఎనిమిది వందలమంది నివసిస్తున్నారు. అక్కడ అంగళ్ళు నడుస్తాయి, సంత సాగుతుంది. చిన్న కొయ్య కండెలకు దారం చుట్టి, దిండు మీద గుచ్చిన సూదుల నడుమ తిప్పుతూ లేసు అల్లే విద్య ఇంకా బ్రతికి ఉంది. ఏటా జూలైలో దానికి వారోత్సవాలు జరుగుతాయి. కండె తిప్పే చేయి లేనినాడు లేసు అద్దాల పెట్టెలోని వస్తువు మాత్రమే. కాపురం లేనినాడు ఇల్లు కూడా అంతే. సందర్శకుడు ఒక పూట చూసి వెళ్తాడు. చలికాలపు రాత్రి పైకప్పు మీది మంచును తొలగించేది కాపురమున్నవాడే.

సముద్రం దూరమైంది, రాజు తరలించాడు, అగ్ని దహించింది. అయినా రౌమా నిలిచింది. ఈ మూడింటికీ లొంగని పట్టణం ముందు నాలుగవ పరీక్షగా నిలిచేది పౌరుల ఉదాసీనత ఒక్కటే. దానికి లొంగితే ఏ జాబితా కాపాడలేదు. కట్టడాల పరిరక్షణకు పూనుకొనే ప్రభుత్వాలు మొదట కాపాడుకోవలసింది అక్కడి కాపురాలను.