డ్రాయింగ్ పీరియడ్ కూడా హక్కే

పదో తరగతి విద్యార్థి ప్రగతి పత్రంలో 'కళ, సాంస్కృతిక విద్య' అనే గడి ఒకటి ఉంటుంది. అందులో గ్రేడు తప్పక నిండి ఉంటుంది. ఆ విద్యను ఏడాది పొడవునా నేర్పినవారెవరని అడిగే దిక్కు మాత్రం ఉండదు. గుమాస్తాగిరిలో తల నెరసిన మాకు ఈ మర్మం తెలిసినదే. ఖాళీ గడి ఉన్న కాగితం వెనక్కి వస్తుంది. నిండిన గడి జోలికి ఎవరూ పోరు.

విద్యాహక్కు చట్టం, 2009 అనుబంధాన్ని తీసి చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడిలో పిల్లలు 100 మందికి మించితే కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. 2020 జాతీయ విద్యావిధానం మరొక అడుగు ముందుకు వేసి, కళలకూ శాస్త్రాలకూ నడుమ గోడ ఉండరాదన్నది. కానీ ఇల్లందు ప్రాంతపు తల్లిదండ్రులతో మాట్లాడితే, డ్రాయింగ్ మాస్టారు అన్న మాట వారి చిన్ననాటి జ్ఞాపకంగానే వినవస్తుంది. పదో తరగతి ఫలితాల ఒత్తిడిలో ఆ పీరియడ్ గణితానికో, భౌతికశాస్త్రానికో సమర్పణమవుతుంది.

ఇది చిన్న నష్టమని సరిపెట్టుకునేవారు మన ముస్లిం వాడలను ఒకసారి చూడాలి. సింగరేణికి పురిటిగడ్డ అయిన ఈ ఊరిలో భూగర్భ గనులు మూతపడి ఓపెన్‌కాస్టులు వచ్చాక మనుషులతో పని తగ్గింది. మనవారికి మిగిలినవి కుట్టుమిషను, రంపం, వెల్డింగ్, మగ్గం పని. స్వయం ఉపాధి మీద బతికేవారు ముస్లింలలో ఎక్కువని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. మనకు హునర్ లోటు లేదు. ఆ హునర్‌కు గీతా, కొలతా, ధ్రువపత్రమూ లేవు.

మగ్గం పని చేసే ఆడపిల్లను గమనించండి. పలుచని కాగితం మీద తీగెలు, పూలు గీస్తుంది. గీత వెంట సూదితో రంధ్రాలు పొడుస్తుంది. కిరసనాయిలు కలిపిన పొడితో అద్ది ఆ నమూనాను గుడ్డ మీదికి దించుతుంది. కుడి భుజం మీది పువ్వుకు ఎడమ భుజం మీది పువ్వు సరితూగాలి. మెడ వంపు ఎక్కడ తిరుగుతుందో ముందే ఊహించాలి. దీనికే పెద్ద కాలేజీల్లో డిజైన్ అని పేరు. హైదరాబాదులో 1995 నుంచి నిఫ్ట్ ఉన్నదని, దాని ప్రవేశ పరీక్షలో ఈ ఊహాశక్తినే పరీక్షిస్తారని ఆ పిల్లకు చెప్పినవారు లేరు. అక్కడి ఫీజులు భారమే, కాదనము. జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం మాత్రం ప్రభుత్వానిదే. ఇంటర్ తరువాత ప్రవేశ పరీక్ష రాసి అందులో అప్లైడ్ ఆర్ట్, పెయింటింగ్, శిల్పం చదవవచ్చు. చిన్నప్పటి నుంచి గీత అలవాటు లేని పిల్ల ఆ పరీక్షకు ఏ ధైర్యంతో కూర్చుంటుంది?

ఫ్లెక్సీ వచ్చి సైన్‌బోర్డులు రాసే చేతులను వీధిన పడేసిన సంగతి అందరికీ తెలుసు. కంప్యూటర్ ఉర్దూ కాతిబులనూ అలాగే మింగింది. అయితే 1980ల తొలినాళ్ళలో కరాచీకి చెందిన మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షర సంయుక్తాలను చేతితో రాసి, వాటిని యంత్రానికి ఎక్కించి నూరీ నస్తాలిఖ్‌ను రూపొందించారు. యంత్రం వచ్చినప్పుడు ఆయన చేతిలో కలంతోపాటు డిజైన్ జ్ఞానమూ ఉంది. మన బోర్డుల పెయింటర్‌కు ఆ రెండవది అందించవలసిన బడి అందించలేదు.

బొమ్మలు గీయడం దీన్‌కు విరుద్ధం కదా అని కొందరు పెద్దలు సందేహిస్తారు. ప్రాణుల చిత్రాల విషయంలో వారి అభ్యంతరాన్ని మేము గౌరవిస్తాము. కానీ ఖతాతీ, రేఖాగణిత నమూనాలు, ఆకులు, లతలు మన మసీదుల గోడల మీదే ఉన్నాయి. కుర్చీకి నమూనా గీయడానికీ, ఇంటికి ప్లాను వేయడానికీ ప్రాణి బొమ్మతో పనేమున్నది?

రాష్ట్రంలో 204 మైనారిటీ గురుకులాలున్నాయి. వాటిలో ప్రతిదానికీ ఆర్ట్ టీచరు కావాలి. ఉన్నచోట ఆ పీరియడ్ ఆ పనికే దక్కాలి. ఉర్దూ మీడియం హైస్కూళ్ళకూ ఇదే న్యాయం. ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు జరుపుతుంది. లోయర్‌కు ఏడో తరగతి పాసైతే చాలు. మసీదు కమిటీలు ఏటా పదిమంది పిల్లలకు ఆ ఫీజు కడితే అదేమంత బరువు కాదు. 2023లో గురుకుల నియామక బోర్డు ఆర్ట్ టీచర్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. ఇకపై వచ్చే అటువంటి పోస్టులకు మన పిల్లలు అర్హులై ఉండాలి.

ఈలోగా తల్లిదండ్రులు బడి కమిటీ సమావేశంలో ఈ సంగతి లేవనెత్తి తీర్మానం రాయించాలి. మన మండలంలో ఎన్ని బడులకు కళాబోధకులు ఉండాలి, ఎందరు ఉన్నారు అని సమాచార హక్కు చట్టం కింద జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయాన్ని అడగవచ్చు. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. అర్జీ రాయడం రానివారికి మేము రాసిపెడతాము. ఇచ్చేటప్పుడు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరువకండి.