చంద్రమతికి మార్కులు ఎవరు వేస్తున్నారు?

పాణ్యం దగ్గర ఒక పల్లెలో తిరునాళ్లకు హరిశ్చంద్ర నాటకం ఆడించారు. రాత్రి పదింటికి మొదలన్నారు, పదకొండున్నరకు తెర లేచింది. అది మామూలే. మనవాళ్లు బొరుగులు, ఉడకేసిన శెనక్కాయలు మూటగట్టుకొచ్చి, చంటిపిల్లల్ని బొంతల మీద పడుకోబెట్టుకుని తెల్లారేదాకా కదలకుండా చూశారు. పొద్దున నంద్యాల బస్సులో మగవాళ్లందరిదీ అదే ముచ్చట. మొదటి హరిశ్చంద్రుడు రాగం బాగా తీశాడు, రెండో ఆయనకు గొంతు జీర పోయింది, కాటిసీను ఆయన మాత్రం మూడుసార్లు వన్స్‌మోర్ కొట్టించుకున్నాడు. మరి చంద్రమతి? "ఆయమ్మ కలర్ లేదబ్బా" అన్నాడొకాయన. "వయసు గూడా మళ్లింది లే" అన్నాడు పక్కాయన. ఆమె సంగతి అక్కడితో సరి.

నా పక్కన కూర్చున్న జేజి వాళ్ల మాటలన్నీ విని, మెల్లగా నాతో అంది. "సూసినావా మ్మా, బిడ్డను కాట్లో దించేటప్పుడు ముందు తలకాయ కింద చెయ్యి పెట్టి దించింది. సచ్చిన బిడ్డే. అయినా తల్లి చెయ్యి ఊరుకుంటాదా?"

నాటకాల మీద రాసినవి నేనూ చాలానే చదివాను. ఒక నటి పనిని ఇంత సూటిగా పట్టుకున్న మాట ఎక్కువ చూడలేదు. చిక్కేమిటంటే ఆ మాట మైకులో వినపడదు, కమిటీ దాకా పోదు. వచ్చే ఏడు చంద్రమతిగా ఎవర్ని పిలవాలో నిర్ణయించేది ముందువరసలో ఈలలు వేసినవాళ్లే గాని జేజి కాదు.

మన సీమలో ఈ కాంట్రాక్టు నాటకం పద్ధతి అందరికీ తెలిసిందే. కాంట్రాక్టరు ఒక ఊరి నుంచి కృష్ణుణ్ణి, ఇంకో ఊరి నుంచి అర్జునుణ్ణి, మరో ఊరి నుంచి హార్మోనిస్టును మాట్లాడుకుంటాడు. రిహార్సలు అనేది ఉండదు. సాయంత్రం బస్సు దిగి, ముఖానికి రంగు వేసుకుంటూ ఒకరికొకరు పరిచయమవుతారు. అయినా నాటకం నడిచిపోతుంది. ఎందుకంటే బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్రగానీ, తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగంగానీ వాళ్లందరికీ కంఠతా వచ్చు. ఇది సామాన్యమైన విద్య కాదు. ఈ విద్యను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

కానీ పాత్రల పంపకం చూడండి. ఒకే రాత్రికి ముగ్గురు హరిశ్చంద్రులు, ముగ్గురు కృష్ణులు. ఒక్కొక్కరూ తమకు పేరు తెచ్చిన సీను చేసి, దండ వేయించుకుని, శాలువా కప్పించుకుని పడుకుంటారు. చంద్రమతి మాత్రం చాలాచోట్ల ఒక్కతే. అడవిలో ఒక భర్త, కాశీలో ఒక భర్త, కాట్లో మరో భర్త. ముగ్గురితోనూ ఆమే ఏడవాలి. ఎవరు ఏ పద్యం ఎత్తుకుంటారో, ఎక్కడ ఆపుతారో తెరవెనక అడిగి తెలుసుకోవాల్సింది ఆమే. శ్రుతి సంగతి ఇంకా ఘోరం. మగవాళ్ల గొంతు ఒక మెట్టు, ఆమెది ఒక మెట్టు. హార్మోనియం ఎవరి కోసం మారుతుంది? పేరున్న ఆయన కోసమే. ఆయన శ్రుతిలో ఈమె పాడాల్సి వచ్చి గొంతు పైకి అందకపోతే "ఆయమ్మకు శ్రుతి లేదు" అని తీర్పు. తన శ్రుతిలో పాడనిస్తే కదా ఉందో లేదో తెలిసేది!

ఇంక వన్స్‌మోర్. నాకూ పద్యం ఇష్టమే. చిన్నప్పుడు నేనూ చప్పట్లు కొట్టినదాన్నే. కానీ కాట్లో బిడ్డ శవం ఎదురుగా ఉన్నప్పుడు హరిశ్చంద్రుడు అదే పద్యం మళ్లీ అందుకుంటాడు. అప్పుడు చంద్రమతి ఏం చెయ్యాలి? ఇందాక ఏడ్చిన ఏడుపునే ఆమె వెనక్కి తీసుకుని మొదట్నుంచి ఏడవాలి. ఆయన రాగం తీసినంతసేపూ ఊరికే నిలబడితే "బొమ్మ మాదిరి నిలబడింది" అంటారు, ఏమైనా చేస్తే "అడ్డం వస్తా ఉంది" అంటారు. ఎదుటివాళ్లు పాడుతున్నప్పుడు తను ఏం చేసిందన్న దాంట్లోనే నటి పనితనం సగం ఉంది. ఆ సగానికి మార్కులు వేసే మహానుభావుడు నాకు ఇంతవరకూ కనపడలేదు. తూర్పున తెల్లబడుతుంటే కోత కూడా ఆమె పద్యాలకే. "టయిం అయిపోతా ఉంది, రెండు తగ్గించుకో మ్మా" అంటారు.

కలర్ మాట కొద్దాం. ద్రౌపదికి భారతంలో కృష్ణ అని ఇంకో పేరుంది. ఆమె మేనిఛాయ నలుపు కాబట్టే ఆ పేరు. మన స్టేజీ మీద ద్రౌపదికి మాత్రం పౌడరు, రోజు మందంగా పూస్తే గాని ఒప్పుకోరు. నల్లటి నటి అసలు రంగుతో వస్తే వ్యాసుడు రాసిన ద్రౌపదికి అదే దగ్గర, అయినా ఆమెను పక్కన పెడతారు. ఈ జబ్బు మనకొక్కరికే లేదు లెండి. 2015లో న్యూయార్క్‌లో వచ్చిన 'హామిల్టన్' అనే సంగీత నాటకంలో అమెరికా దేశాన్ని స్థాపించిన తెల్లదొరల పాత్రలకు ఎక్కువగా నల్లవాళ్లను, ఇతర జాతులవాళ్లను తీసుకున్నారు. తర్వాత ఆ నాటకం ఊరూరూ తిరిగినా జనం టిక్కెట్లకు ఎగబడ్డారు. పాత్ర రంగులో ఉండదని వాళ్లు ఆడి చూపించారు. మన దగ్గర పాత్ర రంగే నలుపైనా దానికి తెల్లరంగు పూయాల్సి వస్తోంది.

ఇక్కడ నాకు అర్థం కాని విషయం ఒకటుంది. ఇదే తెలుగు ప్రేక్షకుడు ఒకప్పుడు మగవాణ్ణి సత్యభామగా ఒప్పుకున్నాడు. స్థానం నరసింహారావు (1902-1971) ఏళ్ల తరబడి సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా వేషాలు కట్టారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ నడక, ఆ చీరకట్టు, ఆ చూపు గురించి మన తాతలు కథలు కథలుగా చెప్పుకున్నారు. బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి చంద్రమతి అంటే జనం కళ్లు తుడుచుకున్నారు. పక్క మరాఠీ నాటకంలో బాలగంధర్వదీ ఇదే వైభవం. అప్పుడెవరూ 'ఈయనకు మీసం వస్తుంది కదా, వయసు మళ్లింది కదా' అని అడగలేదు. నటన చూశారు. తీరా ఆడది ఆడవేషం వేసేసరికి నటన వెనక్కి పోయి వయసూ ఒంటిరంగూ ముందుకొచ్చాయి. మగవాడు వేస్తే కళ, ఆడది వేస్తే అందాల పోటీనా?

ఆడపాత్రలు ఆడవాళ్లే వెయ్యాలని గట్టిగా పట్టుబట్టినవాళ్లలో మన తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ (1880-1946) ముఖ్యుడు. ప్లీడరీ చేస్తూనే నాటకాలాడాడు. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటివాళ్లను స్టేజీ ఎక్కించాడు. సంసారుల ఇళ్ల ఆడవాళ్లు రంగు పూసుకోవడమేమిటని లోకం ముక్కున వేలేసుకున్న రోజులవి.

అంతకు ముందే, 1885లో, కడప జిల్లా సురభిలో 'కీచకవధ' ఆడిన వనారస గోవిందరావు బృందం కుటుంబాలు కుటుంబాలుగా పెరిగి ఊరూరూ తిరిగింది. సురభివాళ్లలో ఆడవేషాలు ఇంటి ఆడవాళ్లే వేశారు. అత్త వేసిన పాత్రను కోడలు పక్కతెర చాటునుంచి చూసి నేర్చుకునేది. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ ఇంటి పిల్లే. నాటకం ఆడుతుండగా తల్లికి నొప్పులొచ్చి స్టేజీ మీదే పుట్టిందని ఆమె గురించి చెప్పుకుంటారు. ఆ పద్ధతిలో ఒక సుఖముంది. ఎదుట నిలబడ్డ భర్త పాత్రధారి ఎవరో, అతని శ్రుతి ఏమిటో ఆమెకు ముందే తెలుసు. కాంట్రాక్టు నాటకంలో మన చంద్రమతికి లేనిది అదే.

చింతామణి ఊసెత్తకుండా ఈ మాట పూర్తికాదు. కాళ్లకూరి నారాయణరావు ఆ నాటకం రాసింది వేశ్యాలోలత్వం సంసారాల్ని ఎట్లా కూల్చేస్తుందో చూపడానికి. కట్నాల మీద 'వరవిక్రయం' రాసిందీ ఆయనే. అట్లాంటి నాటకం పల్లెలకొచ్చేసరికి సుబ్బిశెట్టి సీను తప్ప మిగతా అంతా పేరుకే మిగిలింది. పుస్తకంలో లేని బూతులు చేరాయి. ఎన్ని ఈలలు పడితే అంత గొప్ప నాటకమన్నారు. ఆడవాళ్లు చూడటం మానేశారు. చివరికి ఒక కులాన్ని కించపరుస్తోందన్న ఫిర్యాదుల మీద 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. ఆ కులంవాళ్ల బాధ నిజమైనదే. కానీ ఆ బూతుల్ని కోరి, వాటికి నోట్లు చదివించినవాళ్లకు ఏ శిక్షా పడలేదు. ఆ పాత్రలు వేసుకుని పిల్లల్ని చదివించుకుంటున్న నటులకు, ముఖ్యంగా ఆడవాళ్లకు బయానాలు పోయాయి. బూతుకు ఎదురు చెప్పిన నటిని మరుసటేడు పిలవరు, చెప్పనిదాన్ని "అట్లాంటిదే లే" అంటారు. ఏ వైపు పోయినా మార్కు ఆమెకే తక్కువ.

అలాగని నటీమణులందర్నీ వెనకేసుకు రావాలని నేననను. కాశీలో దాసిగా అమ్ముడుపోయిన చంద్రమతికి జరీచీర, మెడనిండా గిల్టునగలు ఎందుకు? కాలకౌశికుడి ఇంట్లో దెబ్బలు తిన్నప్పుడూ, బిడ్డ పాము కరిచి పోయినప్పుడూ, భర్తే కాపరియై కాటి సుంకం అడిగినప్పుడూ ఒకే ఏడుపు ఏడిస్తే ఎట్లా? మొదటిది అవమానం, రెండోది గర్భశోకం, మూడోదానికి అసలు పేరు లేదు. ఈ తేడా చూపలేని చంద్రమతిని నిలదీయండి. పద్యంలో మాటను రాగం కోసం ముక్కలు చేసి అర్థం పోగొడితే నిలదీయండి. అది న్యాయమైన విమర్శ. కూర్చుని ఏడ్చే చోట సినిమా తారలా పక్కకు తిరిగి జనాన్ని చూసిందంటే అదీ చెప్పండి. తన పని మీద పడ్డ విమర్శ నటికి పనికొస్తుంది. "కలర్ లేదు" అన్నదాంతో ఏం చేసుకుంటుంది పాపం?

పరిషత్తు నాటకాల్లో ఈ బాధ కొంత తక్కువ. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలుకొని, 1998 నుంచి మొదలైన నంది నాటకోత్సవాల దాకా పోటీలకు న్యాయనిర్ణేతలున్నారు, ఉత్తమ నటికి బహుమతి ఉంది. ఒక పాత్రకు ఒకే మనిషి, రిహార్సలు చేసుకుని వస్తారు. పల్లెలో తిరునాళ్ల నాటకానికి న్యాయనిర్ణేత చదివింపే. నోటు ఎవరి జేబుకు గుచ్చితే వాళ్లు గెలిచినట్టు. ఆ నోట్లు మన ఇళ్లలోంచి పోయేవే. పొదుపు గ్రూపుల్లో లక్షల లెక్కలు చూసుకుంటున్న మన అక్కచెల్లెళ్లకు ఊరి నాటకం కమిటీలో ఒక్క కుర్చీ ఎందుకు లేదు?

కుర్చీ దొరికితే అడగాల్సినవి పెద్దవేం కావు. ముగ్గురు హరిశ్చంద్రుల్ని పిలిచే డబ్బుతో ఇద్దర్ని పిలిచి, మిగిలింది చంద్రమతికి ఇవ్వమనండి. సాయంత్రం ఒక గంట ముందు అందరూ కూర్చుని శ్రుతి సరిచూసుకోమనండి. ఆమె సీన్లకు ఆమె శ్రుతే పెట్టమనండి. రంగు వేసుకునేందుకు తలుపున్న గది ఒకటి చూపించమనండి. ట్రాక్టరు చాటున చీర మార్చుకుని వచ్చి మహారాణిగా నిలబడమంటే ఎట్లా నిలబడుతుంది? నాటకం అయ్యాక తెల్లవారుజామున బస్టాండు దాకా ఒక్కత్తినీ పంపకుండా, ఎవరింట్లోనైనా ఇంత ఉగ్గాని పెట్టి పంపండి. పోస్టరు మీద హరిశ్చంద్రుల పేర్లకు ముందు గానగంధర్వ, నటశేఖర అని బిరుదులు వరసగా వేస్తారు. చివర్లో సన్నక్షరాల్లో "స్త్రీ పాత్రలు" అని వేసి ఊరుకుంటారు. అక్కడ ఆమె పేరు వేయమనండి.

ఆ రోజు బస్సు దిగేటప్పుడు జేజిని అడిగాను, ఆ చంద్రమతి పేరేమిటని. "ఏమో మ్మా, మైకులో చెప్పలేదు కదా" అంది. నేనూ కనుక్కోలేదు. పోస్టరు కోసం వెనక్కి పోతే వానకు తడిసి కింది సగం ఊడిపోయి ఉంది. ఈ శివరాత్రికి మీ ఊళ్లో నాటకం ఉంటే, చంద్రమతిగానో ద్రౌపదిగానో వేసినామె పేరు అడిగి కనుక్కోండి. ఆమె ఏ సీనులో ఏం చేసిందో, మీకు ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో నాలుగు ముక్కలు మాకు రాసి పంపండి.