ఆఖరి భాగం చూసి ఏడ్చినవాళ్లకు

దసరా సెలవులకు వారం ముందు, రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగింది. ఒకప్పుడు నా దగ్గర ఐదో తరగతి చదివిన పిల్ల. ఇప్పుడు టౌన్లో గది తీసుకుని ఇంటర్ చదువుతోంది. గొంతు బొంగురుపోయి ఉంది. ఇంట్లో ఎవరికైనా జ్వరం ముదిరిందేమో, ఇంత రాత్రప్పుడు డోలీ కట్టడానికి ఎవరు దొరుకుతారా అని ఆలోచిస్తున్నాను. "సార్, ఆఖరికి అందర్నీ చంపేశారు సార్" అంది. ఎవర్నమ్మా అన్నాను. "యూజీన్‌ని, దోంగ్‌మేని, హీసంగ్‌ని. ఇదేం ఎండింగ్ సార్?"

కొరియా సీరియలు. మిస్టర్ సన్‌షైన్.

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ వారమే కాంప్లెక్స్ మీటింగులో కొత్తగా చేరిన టీచర్లు ఇద్దరు కూడా ఇదే మాట మీద ఉన్నారు. ఇన్ని రాత్రులు చూసి వేస్టు అని ఒకరు. హీరో బతికున్నట్టు రెండో సీజను తీస్తే బాగుండునని ఇంకొకరు. సరే, అదేమిటో చూద్దామని సెలవుల్లో నేనూ చూశాను. మా ఊళ్లో నీళ్ల ట్యాంకు దగ్గర తప్ప సిగ్నలు దొరకదు. అక్కడే అరుగు మీద కూర్చుని, దోమలతో సహా, మొత్తం 24 భాగాలూ చూశాను.

చూసి చెప్తున్నాను. ఆ ముగింపు మీద మీరు పెడుతున్న గొడవ తప్పు గొడవ. పెట్టాల్సిన గొడవ ఇంకొకటుంది. దాన్ని ఎవరూ పెట్టడం లేదు.

చూడనివాళ్ల కోసం కొంచెం కథ చెప్పాలి. 2018లో జూలై నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా కొరియాలో టీవీఎన్ అనే చానల్లో వచ్చింది ఇది. రాసినామె కిమ్ ఉన్‌సుక్. నెట్‌ఫ్లిక్సు వల్ల మన గూడేల దాకా వచ్చింది. కథ 1871లో మొదలవుతుంది. అమెరికా ఓడలు కొరియా మీదికి వచ్చిన ఏడాది అది. యూజీన్ అనే పిల్లవాడు బానిస తల్లిదండ్రులకు పుట్టాడు. దొర ఇంటివాళ్ల చేతుల్లో తల్లీ తండ్రీ చనిపోతే, పారిపోయి అమెరికా ఓడ ఎక్కుతాడు. పెద్దయ్యాక అమెరికా సైన్యంలో అధికారి అయి తిరిగొస్తాడు. గు దోంగ్‌మే కసాయి కొడుకు. అక్కడ కసాయి కులాన్ని బెక్‌జోంగ్ అంటారు. ఊరికి దూరంగా ఉంచేవాళ్లు, ఎవరైనా కొట్టొచ్చు, తిట్టొచ్చు. హీసంగ్ మాత్రం యూజీన్ తల్లిదండ్రులను బలి తీసుకున్న ఆ దొరగారి మనవడే. ఈ ముగ్గురికీ గో ఏషిన్ అంటే ప్రాణం. ఆమె పెద్ద యాంగ్బాన్ ఇంటి మనవరాలు. యాంగ్బాన్ అంటే మన వైపు దొరలు, జమీందార్లు అనుకోండి. ఆమె పగలు పల్లకీలో తిరుగుతుంది. రాత్రి తుపాకీ పట్టి జపాన్ వాళ్లతో, వాళ్లకు అమ్ముడుపోయినవాళ్లతో పోరాడుతుంది. ఇలా పోరాడేవాళ్లను అక్కడ ఉయ్‌బ్యోంగ్ అంటారు. ధర్మసైన్యం అని అర్థం.

ఆఖరున ఏమవుతుందో మీకు తెలుసు. దోంగ్‌మే జపాన్ ముఠా కత్తులకు పోతాడు. హీసంగ్ పోలీసుల చిత్రహింసల్లో పోతాడు. యూజీన్ రైలు పెట్టెల లంకె తెంచి, ఏషిన్ ఉన్న పెట్టెలను ముందుకు పంపేసి, తను జపాన్ సైనికుల తుపాకుల ముందు మిగిలిపోతాడు. ఆమె బతికి, మంచూరియా వెళ్లి, కొత్తవాళ్లకు తుపాకీ నేర్పుతుంది.

ఇందులో అన్యాయమేముంది? 1905లో జపాన్ బలవంతంగా ఒప్పందం రాయించుకుంది. 1907లో రాజును దింపేసింది, ఆగస్టు 1న సైన్యాన్ని రద్దు చేసింది. 1910లో దేశాన్నే కలిపేసుకుంది. 1945 దాకా వదల్లేదు. ధర్మసైన్యం ఓడిపోయింది. ఓడిపోయినవాళ్ల కథకు పెళ్లి భోజనాలతో ముగింపు కావాలంటే ఎక్కడ నుంచి తెస్తారు? యూజీన్ బతికి, ఇద్దరూ అమెరికాలో ఇల్లు కట్టుకున్నట్టు తీస్తే మీ కళ్లనీళ్లు ఆగేవి, నిజమే. ఆ కొండల్లో చచ్చినవాళ్లు ఇంకోసారి చచ్చేవాళ్లు.

కొరియావాళ్లు తమ సీరియళ్లతో గొడవ పెట్టుకోరని అనుకోకండి, బాగానే పెట్టుకుంటారు. కానీ దేని మీద పెట్టుకుంటారో చూడండి. ఈ సీరియలు మొదలైన రోజుల్లోనే, దోంగ్‌మే చేరిన ముఠాను జపాన్‌లో నిజంగా ఉన్న ఒక సంఘంతో ముడిపెట్టారు. కొరియాను మింగడానికి తోడ్పడిన సంఘం అది. అలాంటి సంఘంలోని మనిషిని అందమైన ప్రేమికుడిగా ఎలా చూపిస్తారని ప్రేక్షకులు అధ్యక్ష భవనానికి అర్జీ పెట్టారు. నిర్మాతలు క్షమాపణ చెప్పి, ముఠాకు కల్పిత పేరు పెట్టారు. 2021లో జోసన్ ఎక్సార్సిస్ట్ అని ఇంకొకటి వచ్చింది. చరిత్రను వంకర చేశారని జనం తిరగబడితే రెండు భాగాలతోనే ఆపేశారు. నా లెక్కన అప్పుడప్పుడు వాళ్లు మరీ అతి చేస్తారు. చేయనివ్వండి. మన చరిత్ర మీద మనకు అందులో సగం పట్టింపు ఉందా?

మన సంగతి చూద్దాం. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు సినిమాలో ఆఖరుకు రామరాజు చచ్చిపోతాడు. మా నాన్న మైళ్లు నడిచి వెళ్లి చూసి, ఏడ్చుకుంటూ తిరిగొచ్చాడట. బతికించి ఉండాల్సిందని ఆయన ఏనాడూ అనలేదు. ఆయనకు తెలుసు. 2022లో ఆర్ఆర్ఆర్ వచ్చింది. రామరాజూ భీమూ ఇద్దరూ తెల్లదొరను చంపి, నవ్వుతూ ఇంటికి చేరతారు. కల్పిత కథ అని ముందే చెప్పారు, అది వాళ్ల ఇష్టం. కానీ చివర్లో రామరాజు ఏం కావాలో కోరుకోమంటే, భీం తనకూ తనవాళ్లకూ చదువు చెప్పమంటాడు. హాలంతా చప్పట్లు. మన పిల్లలూ కొట్టారు. నేను కొట్టలేదు. చేతులు రాలేదు.

1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు పడిపోయిన మనిషి కొమరం భీం. ప్రాణం పోసింది భూమి కోసం, అడవి కోసం. చందా వైపు తిరిగిన రోజుల్లోనే ఆయన చదవడం నేర్చుకున్నాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెప్తారు. ఆయన చచ్చాకే సర్కారుకు దడ పుట్టింది. అప్పుడే హైమెన్‌డార్ఫ్‌ను గోండుల దగ్గరికి పంపారు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. పిల్లలకు గోండీలోనే పాఠాలు. చదువొకరు దయతలచి ఇస్తే వచ్చింది కాదు, నెత్తురు పోశాక వచ్చింది. టీచర్‌గా ఈ ఒక్క సంగతి నాకు ఎంత ముఖ్యమో చెప్పలేను. టీటీసీలో రెండేళ్లు కూర్చున్నాను, మార్లవాయి మాట ఒక్కరూ ఎత్తలేదు. ఆ సినిమా టీజరు వచ్చినప్పుడు మనవాళ్ల గొడవంతా భీం తల మీది టోపీ గురించి. సినిమా వచ్చాక ఆ ఆఖరి కోరిక గురించి ఎంతమంది అడిగారు?

ఇక ఆ కొరియా సీరియలు మీద నాకున్న అసలు ఫిర్యాదుకు వస్తాను.

కథ నడుమ యూజీన్ ఏషిన్‌ను ఒక సంగతి అడుగుతాడు. నువ్వు కాపాడాలనుకుంటున్న దేశంలో కసాయివాళ్లకు చోటుందా, బానిసలకు చోటుందా అని. ఆమె దగ్గర జవాబు లేదు. నేను ఫోను పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ మాట మనం అడగాల్సింది. మనల్ని ఎవరైనా పోరాటానికి పిలిచినప్పుడల్లా అడగాల్సింది. అయితే ఆ ప్రశ్నకు సీరియలు చివర్లో ఏం జవాబిచ్చింది? బానిస కొడుకు ఆమె కోసం చచ్చాడు. కసాయి కొడుకు ఆమె కోసం చచ్చాడు. దొర ఇంటి బిడ్డ బతికింది, నాయకురాలైంది. ఏషిన్ గొప్ప మనిషే, ఆమె తెగువను నేను తక్కువ చేయను. కానీ ఇంత వరసగా, ఇంత చక్కగా కిందివాళ్లే పైవాళ్ల కోసం చావడం చూస్తే మీకు అనుమానం రాలేదా? మీరంతా "పాపం ప్రేమ ఫలించలేదు" అని ఏడ్చారు.

ఇంకొకటి. ఏషిన్‌ను చిన్నప్పటి నుంచి పెంచిన దాది గుర్తుందా? ఆ ఇంటి ముసలి పనివాడు గుర్తున్నాడా? ఆఖరి భాగంలో ఊరివాళ్లతో కలిసి పల్లకీ మోస్తూ, సైనికులను తమ వైపు మళ్లించి, తుపాకులకు ఎదురు నిలబడి పోతారు. ఆ దాది ఏషిన్ చేతుల్లో పోతుంది. ఆ పిల్ల కూడా ఫోనులో అక్కడే ఎక్కువ ఏడ్చానంది. వాళ్ల పేర్లేమిటి? ఆమెను హమాన్‌దేక్ అంటారు. హమాన్ ఒక ఊరు. ఆ ఊరి నుంచి వచ్చినామె అని దాని అర్థం. ఆయనను హేంగ్‌రాంగ్ ఆబొం అంటారు. వాకిలి పక్క పనివాళ్ల గదుల్లో ఉండే ముసలాయన అని. 24 భాగాలు మోసి, ప్రాణాలిచ్చి, పేర్లు లేకుండా పోయారు. ఆఖర్లో విదేశీ విలేకరి తీసే ఫోటో కూడా అంతే. అది 1907లో మెకెంజీ అనే విలేకరి నిజంగా తీసిన ఫోటో. తలో రకం బట్టలు, తలో రకం తుపాకులు, వాళ్లలో కుర్రాళ్లు కూడా ఉన్నారు. కొరియాలో బడి పిల్లలందరికీ ఆ ఫోటో తెలుసు. అందులో నిలబడ్డవాళ్ల పేర్లు మాత్రం ఫోటోతో పాటు రాలేదు.

యూజీన్ అడిగినదానికి కొరియా చరిత్రలో జవాబిచ్చింది ఎవరో తెలుసా? కసాయివాళ్లే. బానిసత్వం 1894లోనే కాగితం మీద పోయింది. బెక్‌జోంగుల మీద చిన్నచూపు పోలేదు, వాళ్ల పిల్లలను బళ్లలో రానివ్వలేదు. 1923లో జిన్జు అనే ఊళ్లో వాళ్లు సంఘం పెట్టారు. దాని పేరులో త్రాసు ఉంది, మాంసం తూచే త్రాసు. అందరూ సమానంగా తూగాలని. సీరియలు 1923 దాకా రాలేదు. వస్తే బాగుండేది. రెండో సీజను కావాలన్న టీచరుగారూ, తీస్తే ఇది తీయమనండి.

1923 అంటే మన వైపు ఏం జరుగుతోంది? పితూరీ. అంతకు ముందేడు ఆగస్టు 22న చింతపల్లి స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. తుపాకులు పట్టుకెళ్లారు. ఎవరు? అల్లూరి అని ఏడో తరగతి పిల్లవాడు కూడా చెప్తాడు. వెంట ఎవరున్నారని అడగండి. గాం గంటం దొర, గాం మల్లు దొర, ఎండు పడాలు. ఈ మూడు పేర్లు చెప్పగలిగే పదిమందిని నాకు చూపించండి. రామరాజును 1924 మే 7న కొయ్యూరు దగ్గర చంపారు. గంటం దొర ఆ తర్వాతి నెలలో పోయాడు. మల్లు దొర అండమాన్ జైలు చూసి వచ్చి, 1952లో పార్లమెంటుకు గెలిచాడు. అంతకంటే మంచి ఆఖరి భాగం ఎవరు రాయగలరు? 2022లో మన జిల్లాకు రామరాజు పేరు పెట్టారు. ఆయన పేరు పెట్టొద్దని నేననను, అడవి ఆయనకు అన్నం పెట్టింది, ఆయన అడవికి ప్రాణమిచ్చాడు. గంటం దొర పేరు ఒక్క బడికైనా ఉందా అని అడుగుతున్నాను.

పేర్లంటే గుర్తొచ్చింది. జపాన్‌వాళ్లు 1938 తర్వాత బళ్లలో కొరియా భాషను పక్కకు నెట్టేశారు. 1940లో జపాన్ పేర్లు పెట్టుకోమన్నారు. మన బళ్లలో అంత హుకుం అవసరం లేకపోయింది. నా ఒకటో తరగతి సారు రిజిష్టరు తెరిచి, మా అమ్మ చెప్పిన పేరు నోరు తిరగక, తనకు నచ్చిన దేవుడి పేరు రాసుకున్నాడు. నా జీతం ఇప్పటికీ ఆ పేరు మీదే పడుతోంది. నా బళ్లో పిల్లలు కొరియా మాటలు పది చెప్తారు, నమస్కారం, ఐ లవ్ యూ, అక్క, అన్న. కోయలో చెప్పమంటే పక్కవాడి మొహం చూస్తారు. తప్పు సీరియలుది కాదు. బళ్లో కోయ మాట్లాడితే నవ్వింది మనమే, టీచర్లమే.

సెలవుల్లో ఆ పిల్ల ఊరొచ్చింది. ట్యాంకు దగ్గర కూర్చున్నాను, వచ్చి పక్కన కూర్చుంది. "చూశారా సార్, ఏడ్చారా?" అంది. ఏడ్చానన్నాను, నిజమే కాబట్టి. హమాన్‌దేక్ అసలు పేరేమిటని అడిగాను. ఫోనులో వెతికింది. లేదు సార్ అంది. మీ ముత్తవ్వల పేర్లు చెప్పు, నాలుగు తరాలవి, అన్నాను. వాళ్ల అవ్వను అడిగి వస్తానని లేచి వెళ్లింది.

మర్నాడు నోటుపుస్తకం కాగితం తెచ్చింది. మూడు పేర్లు ఉన్నాయి. నాలుగో దాని దగ్గర "రంప నుంచి వచ్చినామె" అని రాసింది. "అవ్వకు అంతే గుర్తుంది సార్" అంది. సెలవులైపోయి టౌనుకు వెళ్లింది. ఇప్పుడు రాత్రి పూట రంప వైపు చుట్టాలకు ఫోన్లు చేస్తోందట, ఆ ఒక్క పేరు కోసం.