పుప్పొడి అద్దే చేతులకు ప్రయోగశాల ఏదీ?

పాతబస్తీ బహదూర్‌పురాలోని నెహ్రూ జూలో 2006లో ఒక చుక్కల జింకపిల్ల కృత్రిమ గర్భధారణతో పుట్టింది. దాని వెనుక సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుల కృషి ఉన్నది. జూ దాటి ఇంకొంత దూరం పోతే రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వస్తుంది. ఈ రెండు సంస్థలూ కలిసి సాంబమసూరి వరిలో ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువుల్ని చేర్చి, 2008లో కొత్త విత్తనం ఇచ్చాయి. అందులో ఒక జన్యువు ఆఫ్రికా అడవి వరిది. ఇది ప్రజల సొమ్ముతో సాధించిన విజయం. రైతు తన చేలో పండిన గింజనే మళ్లీ విత్తనంగా దాచుకోవచ్చు, పక్క రైతుకూ ఇవ్వవచ్చు.

బి.టి. పత్తి సంగతి వేరు. 2002లో దానికి అనుమతి వచ్చింది. అది సంకర విత్తనం కనుక ఏటేటా కొనక తప్పదు. 450 గ్రాముల పొట్లం మీద 1,250 రూపాయలు సాంకేతిక రుసుము కిందనే గుంజారు. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తవ్యాపార నిరోధక కమిషన్ ముందు కేసు వేసి పోరాడిన తరువాతనే పొట్లం ధర 750కి దిగింది. అంటే సైన్సు ఎవరి చేతిలో ఉన్నదన్నదే అసలు ప్రశ్న.

మరి ఆ పత్తి విత్తనం తయారుచేసిన చేతులు ఎవరివి? కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తన చేలలో కూలీల ఆడపిల్లలు సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు గిల్లేవారు. తెల్లవారి మగపువ్వు తెచ్చి పుప్పొడి అద్దేవారు. వరి శాస్త్రజ్ఞుడు రెండు రకాల్ని కలిపేటప్పుడు చేసేదీ ఈ తరహా పనే! ఆయన చేస్తే పరిశోధన, మన పిల్ల చేస్తే కూలి. ఎందుకు గిల్లుతున్నదో, ఎందుకు అద్దుతున్నదో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన బడికి ఆమెను పోనియ్యలేదు.

పట్నంలోనూ ఇదే వరస. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి రెండువందల మందికి పైగా పిల్లల్ని పోలీసులు విడిపించారు. ఎక్కువమంది బీహారు నుంచి తెచ్చిన బీదల బిడ్డలు. చుట్టూ ఇంత సైన్సు ఉండి వాళ్లకు ఒరిగిందేమిటి?

బడికి పోయే పిల్లల గతి మాత్రం ఏం బాగుంది? చాలా సర్కారీ బడుల్లో ప్రయోగం పుస్తకంలో బొమ్మగానే మిగిలిపోతున్నది. 2017లో సి.ఎస్.ఐ.ఆర్. తన ప్రయోగశాలలతో పిల్లల్ని కలిపే ‘జిజ్ఞాస’ పథకం మొదలుపెట్టింది. మంచిదే. కాని తొలి అడుగు కేంద్రీయ విద్యాలయాల వైపు పడింది. పాతబస్తీ గల్లీలోని ఉర్దూ, తెలుగు మీడియం బడులదీ అంతే హక్కు అని మేము అంటున్నాం.

పొట్ట గడవని వాడికి మైక్రోస్కోపు ఎందుకని కొందరు ఎగతాళి చేస్తారు. మేము చెప్పేది వినండి. తడిగుడ్డలో వంద వడ్లు మూటగట్టి మొలకలు లెక్కపెట్టడం పిల్లలకు నేర్పితే చాలు. ఎనభైకి తక్కువ మొలిస్తే ఆ విత్తనం ప్రమాణానికి తగ్గదని వాళ్లే తేల్చి చెబుతారు. అరటిపండు పిసికి, ఉప్పూ సబ్బునీళ్లూ కలిపి, వడగట్టి, చల్లని స్పిరిట్ పోస్తే తెల్లని డి.ఎన్.ఏ. పోగులు కండ్లకు కనబడతాయి. దీనికి లక్షలు అక్కరలేదు. కంటితో చూసి, చేతితో చేసిన పిల్లవాణ్ణి నకిలీ విత్తనాల వ్యాపారి మోసగించడం అంత తేలిక కాదు.

కనుక ప్రతి సర్కారీ హైస్కూలులో నడిచే ప్రయోగశాల ఉండాలి, దానికి సైన్సు టీచరు ఉండాలి. ప్రజల డబ్బుతో నడిచే పరిశోధన సంస్థలు పాతబస్తీ పిల్లలకూ, కూలీల పిల్లలకూ క్రమం తప్పకుండా తలుపులు తెరవాలి. విత్తన చేలలో బాలల చాకిరీ బందు కావాలి. వ్యవసాయ కార్మిక సంఘాలు కూలి రేట్ల డిమాండుతో పాటు ఈ డిమాండునూ ఎత్తుకోవాలి. పుప్పొడి అద్దే చేతికి ఆ పుప్పొడి సంగతి తెలియాలి. తెలిసిన చేయే రేపు లెక్క అడుగుతుంది.