ఇల్లు లేని సైనిక వనితలు

దేశమునకై సైన్యమునఁ గొలువు చేసి వచ్చిన స్త్రీకి రాత్రి తల దాఁచుకొనఁ జోటు లేదనిన నమ్మఁగలమా? అమెరికా సంయుక్త రాష్ట్రములలో మాజీ సైనికుల శాఖ ఇట్టివారిని 2006వ ఆర్థిక సంవత్సరమున 1,380 మందిని, 2010వ సంవత్సరమున 3,328 మందిని గుర్తించెను.

వీరిలోఁ గొందఱు సైన్యమునందుఁ దోడివారిచేతనే బలాత్కారమునకు లోనయిరి. ఆ భయము మొదట నిద్రను, పిదప నుద్యోగమును, తుదకు నింటిని గూడ హరించును. ఇట్టివారి మనోవ్యాధికిఁ జికిత్స చేయుటకు 1992 నాఁటి శాసనము వీలు కల్పించెను. కాలిఫోర్నియాలోని మెన్లో పార్కునందు స్త్రీలు కొన్ని వారములు వసించి చికిత్స పొందుటకుఁ బ్రత్యేకమైన యేర్పాటు జరిగినది.

అయినను ఒక పెద్ద లోపము మిగిలెను. ప్రభుత్వ తనిఖీ కార్యాలయము 2011లో విచారింపఁగా, ఇట్టి స్త్రీలను జేర్చుకొను తాత్కాలిక వసతులలో నూటికి అఱువదికి మించినవి బిడ్డలను జేర్చుకొనుట లేదని తేలెను. బిడ్డను వీధిని విడిచి తాను చికిత్సకుఁ బోవు తల్లి యుండునా?

ఇందుకు మేలైన మార్గము అద్దె సహాయము. 2008 నుండి విస్తరించిన యొక పథకమున ఆమె సాధారణముగాఁ దన రాబడిలో నూటికి ముప్పది చొప్పున నిచ్చిన, మిగిలిన యద్దెకుఁ బ్రభుత్వము సాయపడును. బిడ్డలు వెంటనే యుందురు. చికిత్సను, ఉద్యోగమును గూర్చి విచారించుటకు ఒక సేవాధికారి యుండును.

అనాథ స్త్రీలకు ఆశ్రమములు నెలకొల్పు మన సోదరీమణులును మొదట నిది యోచింపవలెను. బిడ్డకుఁ జోటు లేని యిల్లు తల్లికి ఇల్లు కానేరదు.